బ్రౌజర్ బయట స్క్రిప్టు నడపడానికి ఏ రన్‌టైమ్: నోడ్, డెనో, బన్‌ల మధ్య ఎంపిక

జావాస్క్రిప్టు వచ్చినవారు రోజూ ఉదయం ఒక సైటు నుంచి ధరలు తెచ్చుకోవడానికో, వందల ఫైళ్ల పేర్లు ఒక్కసారిగా మార్చడానికో, నెలాఖరు లెక్కలు ఒక పట్టికలోకి చేర్చడానికో బ్రౌజర్‌తో పనిలేని స్క్రిప్టు రాయబోయినప్పుడు, దాన్ని దేనిమీద నడపాలన్నది ముందు తేల్చుకోవాలి. 2009లో ర్యాన్ డాల్ నోడ్‌ను బయటపెట్టినప్పటి నుంచి దాదాపు పదేళ్లపాటు ఈ ప్రశ్నకు ఒకటే జవాబు ఉండేది. ఇప్పుడు నోడ్‌తో పాటు డెనో, బన్ కూడా నిలదొక్కుకున్నాయి. మూడూ ఉచితం, మూడింటి సోర్సు కోడూ అందరికీ అందుబాటులో ఉంది, మూడూ అదే భాషను నడుపుతాయి. అందువల్ల చాలామంది సెకనుకు ఎన్ని రిక్వెస్టులు అన్న పటాలు చూసి ఎంచుకుంటున్నారు. నా దృష్టిలో ఆ పటాలు అన్నిటికంటే చివర చూడవలసినవి. స్క్రిప్టు వేటిని తాకుతుంది, ఏ యంత్రం మీద నడుస్తుంది, రేపు దాన్ని ఎవరు చూసుకుంటారు అన్న మూడు విషయాలు తేలితే, ఏ రన్‌టైమ్ అన్నది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

ముందుగా స్క్రిప్టు వేటిని తాకుతుందో రాసుకోండి

రన్‌టైమ్ అంటే ఇంజిన్ ఒక్కటే కాదు. ఇంజిన్‌కు తెలిసింది భాష మాత్రమే: వేరియబుళ్లు, ఫంక్షన్లు, అరేలు, ప్రామిస్‌లు. నోడ్, డెనో రెండూ క్రోమ్‌లో ఉండే వి8 ఇంజిన్‌నే వాడతాయి. బన్ మాత్రం సఫారీలో ఉండే జావాస్క్రిప్ట్‌కోర్‌ను వాడుతుంది. ఫైలు తెరవడం, నెట్‌వర్కుతో మాట్లాడడం, టైమర్ పెట్టడం, చివరికి తెరమీద ఒక వాక్యం చూపించడం కూడా భాషా ప్రమాణంలో లేవు. అవన్నీ ఇంజిన్ చుట్టూ రన్‌టైమ్ సమకూర్చే సదుపాయాలు. కాబట్టి అరేను వడబోసి మొత్తాలు కూడే కోడు మూడింటిలోనూ ఒకేలా నడుస్తుంది. తేడాలన్నీ స్క్రిప్టు బయటి ప్రపంచాన్ని తాకే చోటనే పుడతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కేంద్ర ప్రభుత్వపు బహిరంగ సమాచార సైటు అయిన డేటా.గవ్.ఇన్, వ్యవసాయ మార్కెట్ల రోజువారీ ధరలను ఏపీఐ ద్వారా ఇస్తుంది. ఒక్కో వరుసలో రాష్ట్రం, జిల్లా, మార్కెట్, పంట, రకం, తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర (ఎక్కువ సరుకు అమ్ముడైన ధర) ఉంటాయి. అందులోంచి మీకు కావలసిన మార్కెట్‌ను, పంటను, గుంటూరు మిర్చినే అనుకుందాం, ఏరుకొని, ఒక సీఎస్‌వీ ఫైలు చివర చేర్చి, ఆ రోజు ధరను తెలుగులో చిన్న సందేశంగా పంపే స్క్రిప్టు కావాలి. ఇది తాకేవి: ఒక నెట్‌వర్కు చిరునామా, సందేశం పంపడానికి మరొక చిరునామా, ఒక ఫోల్డరులో రాత, ఎన్విరాన్‌మెంట్‌లో దాచిన ఏపీఐ కీ, గడియారం, తెలుగు అక్షరాలు. ఇలా ఒక కాగితం మీద రాసుకుంటే రెండు సంగతులు బయటపడతాయి. ఇందులో బయటి ప్యాకేజీ అవసరం ఒక్కటీ లేదు. రెండోది, స్క్రిప్టు సమయమంతా సర్వరు జవాబు కోసం ఎదురుచూడడంలోనే పోతుంది కనుక, ఇంజిన్ వేగం ఇక్కడ లెక్కలోకే రాదు.

ఈ జాబితా రాసిన తరువాత, అసలు మీ కంప్యూటరులో రన్‌టైమ్ పెట్టవలసిన అవసరం ఉందా అన్నది కూడా చూసుకోవాలి. సమాచారమంతా గూగుల్ షీట్స్‌లోనే ఉండి, ఫలితం కూడా అక్కడికే చేరాలంటే, గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ చాలు. అదీ జావాస్క్రిప్టే, 2020 నుంచి అదీ వి8 మీదే నడుస్తోంది, నిర్ణీత సమయానికి దానంతటదే నడిచే ట్రిగ్గర్లూ ఉన్నాయి. ఒక్కో పరుగుకు ఆరు నిమిషాల పరిమితి ఉంది. పైన చెప్పిన ధరల పనికి అది బోలెడు. విండోస్‌లో చిరకాలంగా ఉన్న స్క్రిప్ట్ హోస్ట్ నడిపే జేస్క్రిప్ట్ మాత్రం బాగా పాత కాలపు భాష. కొత్త పనికి దాన్ని తలపెట్టవద్దు.

యంత్రం ఒప్పుకుంటుందా

ఎంపికలో చాలామంది చివరన చూసే ఈ విషయాన్ని ముందే చూడటం మంచిది, ఎందుకంటే కొన్నిసార్లు చర్చ ఇక్కడే ముగిసిపోతుంది. డెనో, బన్ రెండూ 64 బిట్ యంత్రాలకే దొరుకుతాయి. 32 బిట్ వ్యవస్థ వేసుకున్న పాత రాస్ప్‌బెర్రీ పై మీద నడపాలంటే నోడ్ పాత వెర్షన్లే దిక్కు. బన్ మామూలు బిల్డు ప్రాసెసరులో ఏవీఎక్స్2 ఆదేశాలు ఉన్నాయని అనుకుంటుంది. అవి లేని పాత డెస్క్‌టాప్ మీద అది 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని ఆగిపోతుంది. అలాంటి యంత్రాల కోసం 'బేస్‌లైన్' అనే వేరే బిల్డును వారే ఇస్తారు, దాన్ని దించుకోవాలి. లినక్స్ మీద బన్‌కు కెర్నెల్ కనీసం 5.1 ఉండాలి, 5.6 ఆపైన ఉంటే మేలని వారి సూచన.

నోడ్‌కూ ఇలాంటి గీతలున్నాయి. దాని అధికారిక లినక్స్ బిల్డులకు 18వ వెర్షన్ నుంచి, లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.28 కావాలి. సెంటాస్ 7లో ఉన్నది 2.17, ఉబుంటు 18.04లో ఉన్నది 2.27. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని ఆఫీసు సర్వరు మీద కొత్త నోడ్ పెట్టబోయి, 'జీలిబ్‌సీ 2.28 దొరకలేదు' అన్న సందేశం చూసి తల పట్టుకునేవారు అందుకే కనిపిస్తారు. విండోస్ 7 మీద నోడ్ 14 నుంచే మద్దతు ఆగిపోయింది. కాబట్టి రన్‌టైమ్‌ల గురించి చదవడం మొదలుపెట్టే ముందు, స్క్రిప్టు చివరికి నడవబోయే యంత్రం మీదికి వెళ్లి దాని ప్రాసెసరు, ఆపరేటింగ్ సిస్టమ్, లిబ్‌సీ వెర్షన్లు రాసుకురండి. మీ ల్యాప్‌టాప్ మీద నడవడం దీనికి సాక్ష్యం కాదు.

నోడ్: ఎవరికి అప్పగించినా నడిపించగలిగేది

నోడ్ బలం దాని వయసులో ఉంది. మీరు రాసిన స్క్రిప్టును రేపు మరొకరు చూసుకోవలసి వస్తే, వారికి నోడ్ వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. సర్వరు అద్దెకిచ్చే దాదాపు ప్రతి సంస్థా దాన్ని సమర్థిస్తుంది. ఏ లోపం ఎదురైనా అదే లోపం మరెవరికో ఎప్పుడో ఎదురై ఉంటుంది. పైగా అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. 2014 చివర్లో కొందరు ప్రోగ్రామర్లు విడిపోయి ఐఓ.జేఎస్ అని వేరు కుంపటి పెట్టడం, 2015లో నోడ్ ఒక ఫౌండేషన్ కిందికి రావడం, అదే ఏడాది సెప్టెంబరులో నోడ్ 4.0గా రెండూ మళ్లీ కలవడం వల్ల ఈ స్థితి ఏర్పడింది. ప్రస్తుతం ఓపెన్‌జేఎస్ ఫౌండేషన్ దాన్ని చూసుకుంటోంది. డెనో, బన్ పెట్టుబడులతో నడిచే కంపెనీల చేతుల్లో ఎదిగినవి. అది తప్పేమీ కాదు గాని, ఐదేళ్లపాటు ఎవరూ చూడకుండా నడవవలసిన స్క్రిప్టుకు ఈ తేడా లెక్కలోకి వస్తుంది.

నోడ్‌ను ఎంచుకుంటే వెర్షన్‌ను కూడా ఎంచుకోవాలి. ఇప్పటివరకు నడిచిన పద్ధతి ప్రకారం, ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో వచ్చే సరిసంఖ్య వెర్షన్ అక్టోబరులో ఎల్‌టీఎస్ అవుతుంది, అంటే దీర్ఘకాలిక మద్దతు పొందుతుంది. బేసిసంఖ్య వెర్షన్లకు ఆ మద్దతు ఉండదు. 22వ వెర్షన్‌కు 2027 ఏప్రిల్ వరకూ, 24వ వెర్షన్‌కు 2028 ఏప్రిల్ వరకూ భద్రతా సవరణలు అందుతాయి. 18వ వెర్షన్‌కు 2025 ఏప్రిల్‌తోనే గడువు తీరింది, 20వ వెర్షన్‌కు 2026 ఏప్రిల్‌ను గడువుగా పెట్టారు. కొత్త పనికి 24 తీసుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నోడ్ గురించి నెట్‌లో దొరికే పాఠాల్లో చాలావరకు పాతవి. వాటిని అనుసరిస్తే, నాలుగు పంక్తుల స్క్రిప్టు కోసం ఫెచ్ చేయడానికి ఒక ప్యాకేజీ, ఎన్విరాన్‌మెంట్ ఫైలు చదవడానికి ఒకటి, ఫైలు మారినప్పుడల్లా మళ్లీ నడపడానికి ఒకటి, పరీక్షలకు మరొకటి దించుకుంటారు. ఇప్పుడు వీటిలో ఏదీ అక్కర్లేదు. ఫెచ్ 18వ వెర్షన్ నుంచే లోపల ఉంది. టెస్ట్ రన్నరు 20 నాటికి స్థిరపడింది. 'వాచ్' ఫ్లాగు, 'ఎన్వ్-ఫైల్' ఫ్లాగు ఉన్నాయి. జావాస్క్రిప్టుకు టైపులు చేర్చిన టైప్‌స్క్రిప్ట్ ఫైలును కూడా 22.18 నుంచి, అలాగే 24లో, ఏ ఫ్లాగూ లేకుండా నేరుగా నడపవచ్చు. అయితే నోడ్ అక్కడ చేసేది టైపుల రాతను చెరిపేయడమే. టైపులు సరిపోయాయో లేదో చూడదు, ఈనమ్‌లూ నేమ్‌స్పేస్‌లూ వంటి, కోడుగా మారవలసిన నిర్మాణాలను ఒప్పుకోదు, టైప్‌స్క్రిప్ట్ సెట్టింగుల ఫైలైన టీఎస్‌కాన్ఫిగ్‌లో మీరు పెట్టుకున్న దారి మారుపేర్లను పట్టించుకోదు. టైపుల తనిఖీ కావాలంటే టైప్‌స్క్రిప్ట్ కంపైలరును వేరుగా నడపవలసిందే. ఈ విషయంలో బన్ కూడా అంతే. తనిఖీ సదుపాయం కూడా చేతికి అందేలా ఇచ్చేది డెనో ఒక్కటే, అదీ 'చెక్' ఆదేశమో ఫ్లాగో ఇచ్చినప్పుడు.

డెనో: అడగనిదే ఏదీ ముట్టుకోనిది

నోడ్‌ను సృష్టించిన ర్యాన్ డాలే 2018లో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్ ఈయూ వేదిక మీద, నోడ్ విషయంలో తాను చింతించే పది సంగతులు చెప్పి, వాటికి విరుగుడుగా డెనోను ప్రకటించాడు. 1.0 వెర్షన్ 2020 మేలో, నోడ్ ప్యాకేజీలతో బాగా సర్దుకున్న 2.0 వెర్షన్ 2024 అక్టోబరులో వచ్చాయి. దానిలో మిగతా సౌకర్యాలు ఎన్ని ఉన్నా, ఎంపిక దగ్గర నిజంగా తూకం మార్చేది అనుమతుల పద్ధతి.

ధరల స్క్రిప్టునే డెనోతో ఏ ఫ్లాగూ లేకుండా నడిపి చూడండి. స్క్రిప్టు ఏపీఐ కీ చదవబోగానే అది ఆగి, ఫలానా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చదవడానికి అనుమతి కావాలి, ఇస్తారా అని టెర్మినల్‌లో అడుగుతుంది. ఒప్పుకుంటే తరువాతి మెట్టులో ఫలానా చిరునామాకు వెళ్లడానికి, ఆ తరువాత ఫలానా ఫైలులో రాయడానికి అడుగుతుంది. ఇలా ఒక్కసారి నడిపితే, మీరు కాగితం మీద రాసుకున్న జాబితా సరైనదో కాదో తెలిసిపోతుంది. తరువాత ఆ జాబితానే ఫ్లాగులుగా మార్చండి: 'అలో-నెట్'కు సమానం గుర్తు పెట్టి ఆ రెండు చిరునామాలు, 'అలో-రైట్'కు ఆ ఒక్క ఫోల్డరు, 'అలో-ఎన్వ్'కు ఆ ఒక్క వేరియబుల్ పేరు. నిర్ణీత సమయానికి ప్రోగ్రాములు నడిపే క్రాన్‌లో నడిచేటప్పుడు జవాబు చెప్పడానికి టెర్మినల్ ముందు ఎవరూ ఉండరు కనుక, జాబితాలో లేనిదాన్ని స్క్రిప్టు అడిగితే అది లోపంతో ఆగిపోతుంది, ఆగాలి కూడా. విసుగెత్తి 'అలో-ఆల్' పెట్టేసేవారు డెనో వాడుతున్న ప్రయోజనాన్ని సగానికి పైగా వదులుకున్నట్టే.

ఈ రక్షణ ఎంతవరకో కూడా తెలుసుకొని వాడాలి. అనుమతులు మొత్తం ప్రాసెస్‌కు వర్తిస్తాయి, ప్యాకేజీకి ఒకటిగా కాదు. మీ స్క్రిప్టుకు ఇచ్చిన అనుమతులన్నీ మీరు దించుకున్న ప్యాకేజీకీ ఉంటాయి. 'అలో-రన్' ఇస్తే, దానితో పుట్టిన మరో ప్రోగ్రాముకు ఈ కట్టుబాట్లు ఉండవు; ఇతర భాషల లైబ్రరీలను పిలవనిచ్చే 'అలో-ఎఫ్ఎఫ్ఐ' సంగతీ అంతే. అయినా 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీకి అనుబంధంగా దూరిన దొంగ కోడు బిట్‌కాయిన్ వాలెట్లను దోచుకోవడానికి పథకం వేసిన ఉదంతాన్నీ, 2025 సెప్టెంబరులో చాక్, డీబగ్ వంటి చాలా విరివిగా వాడే ప్యాకేజీల నిర్వాహకుడి ఖాతా మోసానికి గురై వాటిలో హానికర కోడు చేరిన ఉదంతాన్నీ చూస్తే, దొంగిలించిన కీని పంపడానికి అనుమతి ఉన్న ఆ రెండు చిరునామాలు తప్ప మరో దారి లేకపోవడం చిన్న రక్షణేమీ కాదు. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు వాటంతటవే నడిచే స్క్రిప్టులను కూడా డెనో మీరు చెబితేగాని నడపదు. బన్ కూడా నమ్మకమైనవిగా గుర్తించిన ప్యాకేజీలకు తప్ప నడపనివ్వదు. నోడ్‌తో వచ్చే ప్యాకేజీ మేనేజరు ఎన్‌పీఎంలో చాలాకాలంగా అలవాటు ఇందుకు భిన్నం, ఆ స్క్రిప్టులు నడవకూడదంటే 'ఇగ్నోర్-స్క్రిప్ట్స్' అని మీరే పెట్టుకోవాలి.

నోడ్‌లోనూ ఇప్పుడు 'పర్మిషన్' అనే ఫ్లాగు ఉంది కదా అని అడగవచ్చు. ఉంది, ఫైళ్లు, ఇతర ప్రోగ్రాములను పుట్టించడం, నేటివ్ యాడాన్లు వంటివాటిని అది కట్టడి చేస్తుంది. కానీ 24వ వెర్షన్‌లో నెట్‌వర్కు దాని పరిధిలో లేదు, పైగా హానికర కోడు నుంచి కాపాడటం దాని ఉద్దేశం కాదని నోడ్ పత్రాలే చెబుతున్నాయి. కాబట్టి మీకు పూర్తిగా తెలియని కోడును రహస్య కీల పక్కన పెట్టి నడపవలసి వస్తే, డెనో వైపే మొగ్గు చూపుతాను.

బన్: చిన్న పనులు వందలసార్లు చేసేచోట

జారెడ్ సమ్నర్ మొదలుపెట్టిన బన్ 1.0 వెర్షన్ 2023 సెప్టెంబరులో వచ్చింది. విండోస్ మీద అది 1.1 నుంచి, అంటే 2024 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. జిగ్ అనే భాషలో రాసిన ఈ రన్‌టైమ్‌లో ప్యాకేజీ మేనేజరు, బండ్లరు, టెస్ట్ రన్నరు అన్నీ ఒకే ప్రోగ్రాములో ఇమిడి ఉన్నాయి. దాని నిజమైన లాభం స్క్రిప్టు మొదలయ్యే క్షణంలోనూ, ప్యాకేజీలు దించుకునేటప్పుడూ తెలుస్తుంది. గిట్‌లో కోడు చేర్చినప్పుడల్లా నడిచే హుక్ లాగా రోజుకు వందసార్లు నడిచే చిన్న స్క్రిప్టులకు, పరీక్షలు పదేపదే నడిపేవారికి ఈ తేడా చేతికి తగులుతుంది. రోజుకొకసారి నడిచే ధరల స్క్రిప్టుకు తగలదు.

బన్ తనంతట తాను చేసే కొన్ని సహాయాలు తెలియకపోతే ఇబ్బంది పెడతాయి. ఫోల్డరులో ఎన్విరాన్‌మెంట్ ఫైలు ఉంటే అడగకుండానే చదివేస్తుంది. కాబట్టి పరీక్ష కోసం పెట్టుకున్న కీతో అసలు పని నడిచిపోవచ్చు. నోడ్-మాడ్యూల్స్ ఫోల్డరు లేకపోతే, స్క్రిప్టులో ఇంపోర్ట్ చేసిన ప్యాకేజీని నడుపుతూనే దించుకుంటుంది. సరదాకు రాసే స్క్రిప్టుకు ఇది హాయి, సర్వరు మీద మాత్రం ఏ వెర్షన్ వచ్చిందో తెలియని పరిస్థితి. ఈ రెండింటినీ సెట్టింగుల్లో ఆపుకోవచ్చు. నోడ్ సదుపాయాల్లో కొన్ని బన్‌లో ఇంకా అసంపూర్ణంగా ఉన్నాయి. ఏవేవి ఉన్నాయో లేవో వారి పత్రాల్లోనే ఒక పట్టిక ఉంది. మీ స్క్రిప్టు వాడేవి అందులో వెతికి చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

వేగం గురించి ఇక ఒక్క మాట. పటాల్లో కనిపించేది సాధారణంగా 'హలో' అని జవాబిచ్చే సర్వరు వేగం. మీ స్క్రిప్టును మూడింటి మీదా 'టైమ్' ఆదేశంతోనో, హైపర్‌ఫైన్ వంటి సాధనంతోనో కొలవండి. నెట్‌వర్కు భాగాన్ని తీసేసి, దించిపెట్టుకున్న ఫైలుతో ఒకసారి, నెట్‌వర్కుతో ఒకసారి కొలిస్తే, ఆలస్యం ఎవరిదో తెలుస్తుంది.

తెలుగు, తేదీలు: ఇక్కడ తప్పక పరీక్షించాలి

మన భాషలో సందేశాలు తయారుచేసే స్క్రిప్టుకు ఈ భాగమే అన్నిటికంటే ముఖ్యం. 'తెలుగు' అన్న మాట పొడవు అడిగితే జావాస్క్రిప్టు 6 అంటుంది, ఎందుకంటే అది లెక్కపెట్టేది అక్షరాలను కాదు, గుణింతపు గుర్తులతో సహా కోడు యూనిట్లను. 'శ్రీ'కి 4 అంటుంది. ఒకే భాగంగా వెళ్లే తెలుగు ఎస్ఎంఎస్‌లో 70 యూనిట్లే పడతాయి కనుక ఆ లెక్క పరిమితి చూసుకోవడానికి పనికొస్తుంది. కానీ సందేశాన్ని 70 దగ్గర గుడ్డిగా కోస్తే గుణింతమో ఒత్తో తెగిపడి, చదివేవారికి విరిగిన అక్షరం చేరుతుంది. కోయవలసిన చోటు తెలుసుకోవడానికి జావాస్క్రిప్టులోని ఇంటల్ (Intl) వస్తువులో ఉండే సెగ్మెంటర్ వాడాలి. అది 'తెలుగు'ను మూడు ముక్కలుగా ఇస్తుంది. 'శ్రీ' వంటి సంయుక్తాక్షరాలను ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్ ప్రమాణంలో 15.1 వెర్షన్‌తో, 2023లో చేరింది. ఈ పనులన్నీ రన్‌టైమ్ లోపల భాషల, లిపుల సమాచారం ఉంచే ఐసీయూ లైబ్రరీ చేసేవి కనుక, ఆ లైబ్రరీ ఎంత పాతదన్నదాన్ని బట్టి జవాబు మారవచ్చు. మీరు ఎంచుకోబోయే రన్‌టైమ్ మీద 'శ్రీ', 'స్త్రీ', 'ఉత్తరాంధ్ర' వంటి మాటలు పెట్టి ఒకసారి చూడండి. నోడ్‌లో అయితే ప్రాసెస్ వెర్షన్ల జాబితాలో ఐసీయూ, యూనికోడ్ వెర్షన్లు రెండూ కనిపిస్తాయి.

అలాగే తెలుగు లొకేల్‌తో 1234567ను అచ్చువేస్తే 12,34,567 రావాలి, తేదీని అచ్చువేస్తే నెల పేరు తెలుగులో రావాలి. నోడ్ 13కు ముందు అధికారిక బిల్డుల్లో ఇంగ్లిష్ సమాచారం మాత్రమే ఉండేది. పాత సర్వరు మీద ఏ లోపమూ చూపకుండా ఇంగ్లిష్ నెల పేర్లు వస్తుంటే కారణం అదే కావచ్చు.

తేదీల దగ్గర రెండు గోతులున్నాయి. సర్వరు గడియారం సాధారణంగా యూటీసీలో ఉంటుంది. ఐఎస్ఓ రూపంలో తేదీని తీసుకొని మొదటి పది అక్షరాలు కత్తిరించేవారికి, మన సమయం ఉదయం 5:30 దాకా నిన్నటి తేదీయే వస్తుంది. ధరల స్క్రిప్టును తెల్లవారుజామున నడిపితే వరుసలన్నీ ఒకరోజు వెనక్కి పడతాయి. తేదీకి రూపం ఇచ్చేటప్పుడు ఎప్పుడూ 'ఆసియా/కోల్‌కతా' అని కాలమండలాన్ని స్పష్టంగా చెప్పాలి. రెండోది, మన ప్రభుత్వ సమాచారంలో తేదీ రోజు, నెల, సంవత్సరం వరుసలో ఉంటుంది. 05/08/2025 అన్నదాన్ని నేరుగా డేట్‌కు ఇస్తే మే 8 అనుకుంటుంది. పైగా ఐఎస్ఓ కాని రూపాలను ఎలా చదవాలన్నది భాషా ప్రమాణం ఇంజిన్‌లకే వదిలేసింది కనుక, వి8 చదివినట్టే జావాస్క్రిప్ట్‌కోర్ చదువుతుందన్న హామీ లేదు. ఏటవాలు గీతల దగ్గర మీరే విడదీసి, మూడు అంకెలుగా ఇవ్వండి.

సీఎస్‌వీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెలుగు ఉన్న ఫైలును ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరిచేవారు ఉంటే, ఫైలు మొదట, అది యూనికోడ్‌లో ఉందని తెలిపే బీఓఎం గుర్తు రాయండి, లేకపోతే అక్షరాలు చెదిరి కనిపిస్తాయి. అదే ఫైలును మళ్లీ చదివేటప్పుడు నోడ్‌లోని రీడ్‌ఫైల్ ఆ గుర్తును అలాగే ఉంచుతుంది. ఫెచ్ జవాబును టెక్స్ట్‌గా తీసుకుంటే అది తొలగిపోతుంది. మొదటి నిలువు వరుస పేరు ఎందుకు సరిపోలడం లేదో అర్థంకాకపోతే ముందు దీన్నే అనుమానించండి.

ప్యాకేజీలు, మారగలిగే వీలు

శుద్ధంగా జావాస్క్రిప్టులోనే రాసిన ప్యాకేజీలు మూడింటిలోనూ దాదాపుగా నడుస్తాయి. చిక్కు వచ్చేది సీ, సీ++ కోడుతో వచ్చే నేటివ్ ప్యాకేజీలతో: ఫొటోలు కుదించే షార్ప్, డేటాబేస్ కోసం వాడే బెటర్-ఎస్‌క్యూలైట్3 వంటివి. ఇలాంటిది ఒక్కటి తప్పనిసరి అయినా, నోడ్‌నే ముందు చూడండి. డేటాబేస్ అవసరం ఎస్‌క్యూలైట్ వరకే అయితే బయటి ప్యాకేజీ అవసరమే లేకపోవచ్చు: నోడ్‌లో 22.5 నుంచి, బన్‌లో మొదటి నుంచి సొంత ఎస్‌క్యూలైట్ మాడ్యూలు ఉంది. నోడ్ మాడ్యూలునే డెనో కూడా 2.2 నుంచి ఇస్తోంది.

ఏది ఎంచుకున్నా, తరువాత మారే వీలు ఉంచుకోవడం పెద్ద కష్టం కాదు. ఫైళ్లు, దారులు వంటి పనులకు ముందు 'నోడ్' అన్న ఉపసర్గతో ఉండే మాడ్యూళ్లు మూడింటిలోనూ దొరుకుతాయి. నెట్‌వర్కుకు ఫెచ్, చిరునామాలకు యూఆర్ఎల్, బైట్లకు టెక్స్ట్‌డీకోడర్ వంటి వెబ్ ప్రమాణాలూ అంతే. డెనో, బన్ అన్న పేర్లతో మొదలయ్యే సొంత సదుపాయాలు వాడవలసి వస్తే, వాటిని ఒక్క ఫైలులోనే ఉంచి మిగతా కోడు దాన్ని పిలిచేలా రాయండి. కామన్‌జేఎస్ రిక్వైర్ కాకుండా ఇంపోర్ట్ పద్ధతే మొదటి నుంచి వాడండి.

స్క్రిప్టును కంప్యూటరు పని తెలియని మరొకరికి, ఉదాహరణకు విండోస్ మాత్రమే ఉన్న ఒక కమీషన్ దుకాణం గుమాస్తాకు ఇవ్వాలంటే, డెనో, బన్ రెండూ దాన్ని ఒకే ప్రోగ్రాము ఫైలుగా కట్టి ఇస్తాయి, లినక్స్ మీద కూర్చొనే విండోస్ ఫైలు తయారుచేయవచ్చు. రన్‌టైమ్ మొత్తం లోపల ఉంటుంది కనుక ఫైలు పదుల ఎంబీలు అవుతుంది. నోడ్‌లోనూ ఇలాంటి సదుపాయం ఉంది గాని మెట్లు ఎక్కువ. దీనికి డెనో నాకు నచ్చుతుంది, కట్టేటప్పుడే ఇచ్చిన అనుమతులు ఆ ఫైలులో ఉండిపోతాయి.

మొత్తానికి ధరల స్క్రిప్టు నేనైతే ఇలా తేలుస్తాను. ఆఫీసులో మరొకరికి అప్పగించవలసినదైతే నోడ్ 24. నా ఖాతా కీలతో నా సర్వరు మీద ఏళ్ల తరబడి నడవవలసినదైతే, కట్టడి చేసిన అనుమతులతో డెనో. బన్‌ను నా ల్యాప్‌టాప్ మీద పరీక్షలకు, ప్యాకేజీలు దించడానికి ఉంచుకుంటాను.

క్రాన్‌లో పెట్టేటప్పుడు

చేత్తో నడిపితే నడిచి, క్రాన్‌లో నడవని స్క్రిప్టులకు చాలావరకు కారణం ఒకటే: నోడ్ వెర్షన్లను మార్చుకోవడానికి వాడే ఎన్‌వీఎంతో పెట్టిన నోడ్ మీ షెల్‌కు మాత్రమే తెలుసు, క్రాన్‌కు తెలియదు. క్రాన్ పంక్తిలో రన్‌టైమ్‌కూ స్క్రిప్టుకూ పూర్తి దారులు రాయండి, వెలువడే సందేశాలను ఒక లాగ్ ఫైలుకు మళ్లించండి. నోడ్ 15 నుంచి పట్టుకోని ప్రామిస్ లోపం ప్రోగ్రామును సున్నా కాని కోడుతో ఆపేస్తుంది. ఆ కోడును చూసి మీకు కబురు పంపే ఏర్పాటు చేసుకోండి. ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైలును గిట్‌లో చేర్చండి. స్క్రిప్టు పక్కన ఒక చిన్న రీడ్‌మీ ఫైలు పెట్టి, అందులో రన్‌టైమ్ కచ్చితమైన వెర్షన్, దానికి మద్దతు ముగిసే నెల, ఫ్లాగులతో సహా నడిపే పూర్తి ఆదేశం రాయండి.